ఊరిని పక్క మండలంలో కలపాలంటే చట్టం ఏమడుగుతది? నల్లగొండ – నాగర్‌కర్నూల్ సరిహద్దు ఊర్ల సంగతి

డిండి_వాగు:
నల్లగొండ జిల్లా అంచున ఒక రెవెన్యూ గ్రామం (భూమి రికార్డుల్లో ఒక ఊరుగా ఉన్నది) ఉంది. దాని శివారులో రెండు గ్రామ పంచాయతీలు: ఒకటి పాత ఊరు, ఇంకొకటి 2018లో పంచాయతీ అయిన తండా. సొంత మండల కేంద్రానికి 24 కిలోమీటర్లు. వాగు దాటితే నాగర్‌కర్నూల్ జిల్లా మండల కేంద్రం 7 కిలోమీటర్లే. తండావాళ్లు అటు పోదామంటున్నరు, పాత ఊర్ల సగం మంది వద్దంటున్నరు. ప్రజావాణిలో ఇచ్చిన దరఖాస్తుకు "పరిశీలనలో ఉంది" అన్న జవాబు తప్ప ఇంకేం రాలే. మార్చే అధికారం అసలు ఎవరిది? గ్రామసభ తీర్మానం ఉంటే చాలా? తండా ఒక్కదాన్నే అటు కలపొచ్చా? మారితే పట్టా పాసు పుస్తకాలు, పిల్లల ఉద్యోగాల లోకల్ (స్థానిక కోటా) సంగతి ఏమైతది? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

వకీల్_దేవరకొండ:
మీరు అడిగింది రెవెన్యూ సరిహద్దు గురించి. దానికి చట్టం ఒక్కటే: జిల్లాల ఏర్పాటు చట్టం, 1974. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చింది, తెలంగాణ దాన్నే అన్వయించుకుని వాడుతోంది. అందులో 3వ సెక్షన్ ప్రకారం జిల్లా, రెవెన్యూ డివిజన్, మండలం, గ్రామం – వీటిలో దేన్నైనా కొత్తగా ఏర్పాటు చేయాలన్నా, విస్తీర్ణం పెంచాలన్నా తగ్గించాలన్నా, హద్దు మార్చాలన్నా, పేరు మార్చాలన్నా అధికారం రాష్ట్ర ప్రభుత్వానిదే. కలెక్టర్‌కు లేదు, జిల్లా పరిషత్‌కు లేదు, ఎమ్మెల్యే లేఖకు లేదు. కలెక్టర్ ప్రతిపాదన పంపగలరు, నివేదిక ఇవ్వగలరు, అంతే. ప్రజావాణి దరఖాస్తు కదలకపోవడానికి ఇదే కారణం. ఆ కాగితం ఎవరి బల్ల మీద ఉందో వాళ్ల చేతిలో ఆ పని లేదు.

అదే సెక్షన్‌లో ప్రభుత్వం తప్పించుకోలేని షరతు ఒకటుంది. తుది నోటిఫికేషన్‌కు ముందు ప్రతిపాదనను ప్రచురించాలి. దాని ప్రభావం పడే ప్రాంతంలో నివసించేవాళ్ల నుంచి అభ్యంతరాలు, సూచనలు పిలవాలి. వచ్చినవాటిని పరిశీలించాలి. ఈ మూడింట్లో ఒక్కటి తప్పినా నోటిఫికేషన్ కోర్టులో నిలబడటం కష్టం.

పెద్ద ఉదాహరణ 2016. ఆగస్టు 22న ముసాయిదా నోటిఫికేషన్లు వచ్చాయి, అభ్యంతరాలకు 30 రోజులు ఇచ్చారు, అక్టోబరు 11న తుది నోటిఫికేషన్లు అమల్లోకి వచ్చాయి. పది జిల్లాలు 31 అయ్యాయి. నల్లగొండ మూడుగా చీలింది. పాలమూరు నాలుగైంది, కొన్ని మండలాలు రంగారెడ్డికీ వికారాబాద్‌కూ పోయాయి. 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట, ములుగు కలిసి 33 అయ్యాయి. ఎంత పెద్ద మార్పైనా, ఒక్క ఊరి మార్పైనా వెళ్లే దారి ఇదే.

పాలమూరు_గెజిట్:
వకీల్ గారు చెప్పినదానికి తోడుగా: అభ్యంతరాల గడువు ఎన్ని రోజులో ముసాయిదా నోటిఫికేషన్‌లోనే రాసి ఉంటది. పేపర్ల వార్త వచ్చిన రోజు నుంచి కాదు, నోటిఫికేషన్‌లో చెప్పిన ప్రచురణ తేదీ నుంచి లెక్కపెట్టండి. చానామంది ఇక్కడనే గడువు దాటేసుకుంటరు. పేపర్ల వార్త వచ్చేసరికి గెజిట్ వచ్చి నాలుగైదు రోజులై ఉండొచ్చు.

అభ్యంతరం కలెక్టర్‌కు రాతపూర్వకంగా పోవాలె. మీ కేసుల రెండు జిల్లాలున్నయి కాబట్టి ఇద్దరు కలెక్టర్లకూ పంపండి. చేతికిస్తే రెండో కాపీ మీద ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. పోస్టులో అయితే రసీదు దాచండి. రేపు కోర్టుల "మా అభ్యంతరం చూడలే" అనాలంటే, ముందు గడువులోపల ఇచ్చినట్టు చూపాలె. ఒకే మజ్మూన్ (రాత) మీద 600 మంది సంతకాలు పెట్టిన కాగితం కంటే కారణాలు వేర్వేరుగా రాసిన 20 కాగితాలకు బరువెక్కువ. కలెక్టర్ నివేదికల ప్రతి కారణానికీ ఒక వ్యాఖ్య రాయాల్సి వస్తది.

డిండి_వాగు:
మంచిది సార్. ఆ "పరిశీలన" దేని మీద ఆధారపడి చేస్తరు? దూరం ఒక్కటే చూస్తరా?

వకీల్_దేవరకొండ:
చట్టం కింద రూపొందించిన నియమాల్లో చూడాల్సిన అంశాలు ఉన్నాయి. ప్రాంత విస్తీర్ణం, జనాభా, భూమి శిస్తు తదితర రాబడి, చారిత్రక సంబంధం, భౌగోళికంగా ఆనుకుని ఉండటం, నేల తీరు, ఉమ్మడి ప్రయోజనాలూ సమస్యలూ, విద్యా సాంస్కృతిక అవసరాలు, మౌలిక వసతులు, పాలనా సౌలభ్యం, ఖర్చు. దూరం "పాలనా సౌలభ్యం" కిందికి వస్తుంది. దరఖాస్తు మొత్తం దూరం మీదే నడిపితే ఒక అంశానికే జవాబిచ్చినట్టు. ఎదుటి పక్షం మిగతావాటితో దాన్ని సులువుగా తోసేస్తుంది.

మీ ఊరి కేసులో బలమైనవి ఇవి: సంత ఎక్కడ, పిల్లలు ఏ హైస్కూలుకు, ఏ కాలేజీకి పోతున్నారు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఎటువైపు దగ్గర, బస్సు ఎటు నుంచి వస్తుంది, కాలువ నీళ్లు నీటిపారుదల శాఖ ఏ సెక్షన్ నుంచి. వీటికి లెక్కలు జతచేయండి. "దగ్గర" అని రాయకండి, "తారు రోడ్డు మీద 7 కిలోమీటర్లు, వానకాలం వాగు పొంగితే చుట్టు తిరిగి ఇన్ని కిలోమీటర్లు" అని రాయండి. వాగు మీద వంతెన ఉందా, కాజ్‌వేనా అన్నది దాచొద్దు. వాగు పొంగే రోజుల్లో అటు మండలానికీ పోలేని పరిస్థితి ఉంటే, నివేదిక రాసేవాళ్లు మొదట పట్టుకునేది దాన్నే.

గ్రామసభ తీర్మానం సంగతి: 1974 చట్టం దాన్ని తప్పనిసరి చేయలేదు. అది లేకుండానూ మార్చొచ్చు, ఉన్నా మార్చకపోవచ్చు. కానీ ప్రతిపాదన పైకి పోయేటప్పుడు మొదట అడిగే కాగితం అదే. పాలకవర్గ తీర్మానం వేరు, గ్రామసభ తీర్మానం వేరు, ఇది గుర్తుంచుకోండి. సర్పంచ్, వార్డు సభ్యులు కూర్చుని చేసినదాన్ని గ్రామసభ తీర్మానం అని పంపితే అవతలివాళ్లు హాజరు పట్టిక అడుగుతారు, అక్కడితో పరువు పోతుంది. దండోరా వేసిన తేదీ, కోరం, హాజరైన ఓటర్ల సంతకాలు, వ్యతిరేకించినవాళ్ల సంఖ్య కూడా తీర్మానంలో ఉండాలి. మీ దగ్గర రెండు పంచాయతీలు కాబట్టి రెండు గ్రామసభలు.

గొలుసు_కర్ర:
తండా ఒక్కదాన్నే మార్చుడు గురించి నేను చెప్తా, ఇక్కడనే అసలు చిక్కు.

తండా 2018లో గ్రామ పంచాయతీ అయ్యింది, నిజమే. ఆ యేడు రాష్ట్రంల 4,383 కొత్త పంచాయతీలు వచ్చినయి, 500 జనాభా దాటిన తండాలకు అప్పుడే సొంత పంచాయతీ దక్కింది. గని పంచాయతీ అయినంత మాత్రాన రెవెన్యూ గ్రామం కాదు. మీ తండా రైతుల పహాణీ (ఏ సర్వే నంబరు ఎవరిదో, ఎవరు సాగుచేస్తున్నరో రాసే రికార్డు) తీసి చూడండి, గ్రామం పేరు కాడ పాత ఊరి పేరే ఉంటది. సర్వే నంబర్లు పాత ఊరివే. నక్ష (ఊరి భూమి పటం) పాత ఊరిదే. 1974 చట్టంల మండలం అంటే రెవెన్యూ గ్రామాల కూర్పు. జాబితాల ఊరి పేర్లు రాస్తరు, ఇండ్ల గుంపులు రాయరు.

కాబట్టి మీ ముందర దారులు రెండే. పాత ఊరు, తండా కలిపి మొత్తం రెవెన్యూ గ్రామాన్నే అటు మార్చుడు. లేకుంటే ముందు తండాను కొత్త రెవెన్యూ గ్రామం చేయించి, తర్వాత దాన్ని మార్చుడు. రెండో దారి పొడుగుది. తండావాళ్లు సాగుచేసే సర్వే నంబర్లు ఏవేవో జాబితా తీయాలె. ఒకే సర్వే నంబరుల సగం తండావాళ్లది, సగం ఊరివాళ్లదైతే దాన్ని కొలిచి సబ్ డివిజన్ చేయాలె. చెరువు, కుంట, బంచరాయి, గైరాన్ (సర్కారు మేత భూములు), శ్మశానం, బాట – ఇవి ఎటు పోతయో తేల్చాలె. తగవులన్నీ ఇక్కడనే మొదలైతయి. పట్టా భూమి మీద రైతుకు కాగితముంటది, బంచరాయి మీద రెండు పక్కలా ఆశ ఉంటది.

కొలత అయినంక కొత్త గ్రామానికి వేరే నక్ష, సప్లిమెంటరీ సేత్వార్ (సేత్వార్ అంటే సర్వే నంబర్లవారీగా అసలు కొలతల రిజిస్టరు) తయారు చేసి, రెండు గ్రామాల జుమ్లా (మొత్తం) విస్తీర్ణం కూడితే పాత గ్రామం విస్తీర్ణంతో గుంట తేడా లేకుండా సరిపోవాలె. మా వైపు రికార్డుల పెద్ద కష్టం అదే. సేత్వార్‌ల ఒక అంక, పహాణీల ఇంకో అంక ఉంటది. పహాణీ విస్తీర్ణం సేత్వార్ కంటే ఎక్కువున్న సర్వే నంబర్లు ఎన్నో. విభజన ఫైలు సర్వే విభాగానికి పోతే ఆ తేడా దగ్గరనే ఆగుతది. అందుకని దరఖాస్తుకు ముందే నక్ష, సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ, ఇప్పటి పహాణీ నాలుగూ తీసి, తేడా ఉన్న నంబర్లు మీరే రాసి పెట్టుకోండి.

డిండి_వాగు:
వాగు నడుమ ఉంది గదా అన్నా, "ఆనుకుని ఉండటం" కిందికి వస్తదా?

గొలుసు_కర్ర:
వాగు ఉంటే ఏం కాదు. రెండు ఊర్ల శివార్లు వాగుల కలుస్తున్నయా లేదా అన్నదే చూడాలె. నక్షల ట్రైజంక్షన్ రాళ్లు, అంటే మూడు ఊర్ల హద్దులు కలిసే రాళ్లు, ఎక్కడున్నయో చూడండి. మీ శివారుకూ అవతలి మండలం ఊరి శివారుకూ నడుమ ఇంకో ఊరి భూమిగానీ, రిజర్వు ఫారెస్టు బ్లాకుగానీ పట్టీలెక్క అడ్డమొస్తే మీ ఊరు అటు మండలంల ద్వీపమైతది. అట్లాంటిది ఒప్పుకోరు. అప్పుడు ఆ నడుమ ఊరిని కూడ కలుపుకుని అడగాల్సి వస్తది, వాళ్ల సమ్మతి లేకుంటే కథ అక్కడనే ఆగుతది.

పంచాయతీ_పద్దు:
పంచాయతీ వైపు నుంచి రెండు విషయాలు.

గ్రామ పంచాయతీ హద్దును మార్చేది 1974 చట్టం కాదు, తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, 2018. ఆ చట్టం 8వ షెడ్యూల్‌లో రాష్ట్రంలోని గ్రామ పంచాయతీల పేర్లన్నీ మండలాలవారీగా ఉన్నాయి. కొత్తది చేర్చాలన్నా, ఉన్నది తీసేయాలన్నా, చీల్చాలన్నా ఆ షెడ్యూల్‌ను సవరించాలి. ఇది మామూలు జీవోతో అయ్యే పని కాదు. సవరణ బిల్లు శాసనసభకు పోవాలి, సభ లేనప్పుడు ఆర్డినెన్స్ రావాలి. 2024 సెప్టెంబరులో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు చుట్టూ 51 గ్రామ పంచాయతీలను మున్సిపాలిటీల్లో కలిపినప్పుడు పంచాయతీరాజ్, మున్సిపాలిటీల చట్టాలు రెండింటికీ ఆర్డినెన్సులు తేవాల్సి వచ్చింది అందుకే. "జీవో ఇప్పిస్తా" అని ఎవరైనా మాటిస్తే, ఏ చట్టం కింద ఇచ్చే జీవో అని అడగండి.

మీ కేసులో పంచాయతీల హద్దులు మారవు, మండలం మారుతుంది. కానీ మండల ప్రజా పరిషత్, ఎంపీటీసీ ప్రాదేశిక నియోజకవర్గం, జడ్పీటీసీ, జిల్లా పరిషత్ అన్నీ మండలాన్ని పట్టుకుని ఉంటాయి. రెవెన్యూ మండలం మారిన వెంటనే ఇవి వాటంతట అవే మారవు. పంచాయతీరాజ్ శాఖ వేరుగా నోటిఫై చేయాలి, ఎంపీటీసీ స్థానాలను మళ్లీ విభజించాలి. రెండు శాఖల నోటిఫికేషన్ల నడుమ ఖాళీ వస్తే, తహసీల్దార్ అటు, ఎంపీడీవో ఇటు అన్న పరిస్థితి ఏర్పడుతుంది. కులం సర్టిఫికెట్ ఒక చోట, పంచాయతీ నిధుల బిల్లు ఇంకో చోట. అందుకే దరఖాస్తు రెవెన్యూ శాఖతోపాటు డీపీవో (జిల్లా పంచాయతీ అధికారి) ద్వారా పంచాయతీరాజ్ శాఖకూ వెళ్లేలా చూసుకోండి.

ఇంకొకటి. గ్రామ పంచాయతీలకు 2025 డిసెంబరులో ఎన్నికలైనాయి. రాజ్యాంగం 243ఇ ప్రకారం పదవీకాలం ఐదేళ్లు. పంచాయతీనే చీల్చమని ఇప్పుడు అడిగితే ఎన్నికైన పాలకవర్గం ఏమవుతుందన్న ప్రశ్న ముందుకొస్తుంది. మండలం మార్పులో ఆ ఇబ్బంది లేదు, సర్పంచ్, వార్డు సభ్యులు అలాగే ఉంటారు.

సాగర్_ఎడమకాల్వ:
కలెక్టర్లు ప్రొసీడింగ్స్ ఇచ్చి ఊర్లను మార్చిన సందర్భాలు లేవా? మా దగ్గర రేషన్ షాపు పరిధి అట్లనే మార్చిండ్రు.

పంచాయతీ_పద్దు:
రేషన్ షాపు పరిధి, అంగన్‌వాడీ పరిధి, పోలింగ్ కేంద్రం – ఇవి సేవల హద్దులు. వాటిని ఆయా అధికారులు మార్చగలరు. నిజానికి చాలా ఊర్ల బాధ వీటితోనే తీరుతుంది. మండలం మార్పు కోసం ఏళ్లు ఎదురుచూసే బదులు, ఏ సేవ కోసం 24 కిలోమీటర్లు పోవాల్సి వస్తోందో రాసుకోండి. రేషన్, వ్యవసాయ విస్తరణ క్లస్టర్, సబ్‌సెంటర్, పోలీస్ స్టేషన్: ఒక్కోదానికి అధికారం ఒక్కోచోట ఉంది. పోలీస్ స్టేషన్ పరిధి హోం శాఖ నోటిఫికేషన్‌తో మారుతుంది, దానికి రెవెన్యూ మండలంతో కట్టుబాటు లేదు.

పాలమూరు_గెజిట్:
అసెంబ్లీ నియోజకవర్గం సంగతి ఎవరూ ఎత్తలే. మండలం మారినా, జిల్లా మారినా ఓటు మాత్రం పాత నియోజకవర్గంలనే ఉంటది. అది 2008 డీలిమిటేషన్ (నియోజకవర్గాల పునర్విభజన) ఆర్డర్ ప్రకారం నడుస్తది, రాష్ట్ర ప్రభుత్వానికి దాన్ని ముట్టే వీలు లేదు. గండీడ్ మహబూబ్‌నగర్ జిల్లా, ఓటు పరిగి నియోజకవర్గంల. పరిగి ఉన్నది వికారాబాద్ జిల్లాల. కొడంగల్ నియోజకవర్గం చూడండి, కొడంగల్, బొంరాస్‌పేట, దౌల్తాబాద్ వికారాబాద్ జిల్లా, కోస్గి, మద్దూరు నారాయణపేట జిల్లా. మునుగోడుల చౌటుప్పల్, నారాయణపురం యాదాద్రి జిల్లా, మిగతావి నల్లగొండ. మీ ఊరు అటు పోతే ఎమ్మెల్యే ఒక జిల్లా, కలెక్టర్ ఇంకో జిల్లా అయితరు. నియోజకవర్గ నిధులతో పనులు అడిగేటప్పుడు ఇది తెలుస్తది.

ఒకసారి మారింది మళ్లీ మారదని కూడ అనుకోవద్దు. గుండాల మండలం 2016లో జనగామ జిల్లాకు పోయింది, జనం పట్టుబట్టంగ తర్వాత యాదాద్రి భువనగిరికి తిరిగొచ్చింది. గట్టుప్పల్ 2022లో మండలమైంది. అయితే తిరిగి మార్చాలన్నా మళ్లీ ముసాయిదా, అభ్యంతరాలు, తుది నోటిఫికేషన్ – అదే వరుస.

వకీల్_దేవరకొండ:
ఇప్పుడు అన్నిటికంటే గట్టిగా ఆలోచించాల్సింది: లోకల్.

రాజ్యాంగం 371డి కింద రాష్ట్రపతి ఇచ్చిన 2018 ఉత్తర్వుల్లో రాష్ట్రాన్ని జిల్లాలు, ఏడు జోన్లు, రెండు మల్టీ జోన్లుగా విభజించారు. ప్రత్యక్ష నియామకాల్లో 95 శాతం స్థానికులకు. నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, జనగామ కలిసి యాదాద్రి జోన్. నాగర్‌కర్నూల్, మహబూబ్‌నగర్, వనపర్తి, జోగులాంబ గద్వాల, నారాయణపేట కలిసి జోగులాంబ జోన్. అంటే మీ ఊరు వాగు దాటితే జిల్లా ఒక్కటే కాదు, జోన్ కూడా మారుతుంది. రెండు జోన్లూ మల్టీ జోన్ 2లోనే ఉన్నాయి కాబట్టి ఆ పై స్థాయి పోస్టులకు తేడా రాదు. జిల్లా స్థాయి, జోన్ స్థాయి పోస్టులకు వస్తుంది.

స్థానికత లెక్క నివాసం మీద కాదు, ఒకటి నుంచి ఏడు తరగతుల్లో నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నదాని మీద. ఊరి బడిలో చదివిన పిల్లవాడికి ఆ బడి ఏ జిల్లా కిందికి వస్తుందన్నది కీలకం. రాష్ట్ర ప్రభుత్వం జిల్లా హద్దు మార్చినంత మాత్రాన రాష్ట్రపతి ఉత్తర్వు మారదు, దానికి వేరుగా సవరణ రావాలి. నారాయణపేట 2019 ఫిబ్రవరిలో జిల్లా అయితే జోగులాంబ జోన్‌లో చేరింది 2021 సవరణతో. వికారాబాద్ చార్మినార్ జోన్‌లోకి మారింది కూడా ఆ సవరణతోనే. నడుమ రెండేళ్లు పోటీ పరీక్షల పిల్లలు నలిగిపోయారు. జిల్లా దాటే ప్రతిపాదన పెట్టేవాళ్లు ఈ విషయం గ్రామసభలో చెప్పి తీరాలి. చెప్పకుండా చేతులెత్తించి తీర్మానం చేసి ఆ తర్వాత తెలిస్తే, తండాలోనే సగం మంది అడ్డం తిరుగుతారు.

డిండి_వాగు:
ఇది మాకు అసలు తెలియదు సార్. అడిగింది మంచిదైంది. కోర్టుకు పోతే పని అయితదా?

వకీల్_దేవరకొండ:
"మా ఊరిని ఫలానా మండలంలో కలపండి" అని కోర్టు ఆదేశించదు. హద్దులు నిర్ణయించడం శాసన స్వభావం ఉన్న పని అని సుప్రీంకోర్టు సుందర్‌జాస్ కన్యాలాల్ భాటిజా కేసులో (1989) చెప్పింది. చట్టం చెప్పినంత మేరకే ప్రభుత్వం వినాలి, అంతకు మించి వ్యక్తిగత విచారణ హక్కుగా రాదు. మరోవైపు బల్దేవ్ సింగ్ వర్సెస్ హిమాచల్ ప్రదేశ్ కేసులో (1987) పంచాయతీ ప్రాంతాన్ని పట్టణ ప్రాంతంగా మార్చేటప్పుడు అక్కడి ప్రజలకు తమ మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలని తేల్చింది, ఎందుకంటే పన్నులు, హక్కులు మారతాయి. రెండూ కలిపి చదివితే: ఎటు కలపాలన్నది ప్రభుత్వ నిర్ణయం, పద్ధతి పాటించారా లేదా అన్నది కోర్టు చూస్తుంది. ముసాయిదా ప్రచురించకపోతే, గడువు ముగియకముందే తుది నోటిఫికేషన్ ఇస్తే, ముసాయిదాలో లేని ఊరిని తుదిలో కొత్తగా చేరిస్తే రిట్‌కు (హైకోర్టు పిటిషన్‌కు) బలముంటుంది. ఇంకొకటి, మీ దరఖాస్తు మీద నిర్ణయం తీసుకోండి అనే ఆదేశం అడగొచ్చు. "కలపండి" వేరు, "తేల్చండి" వేరు.

ఎన్నికల ప్రక్రియ మొదలైన తర్వాత మాత్రం పంచాయతీ స్థానాల విభజన మీద కోర్టుకు పోవడం దాదాపు వృథా. పంచాయతీ ఎన్నికల విషయాల్లో కోర్టుల జోక్యాన్ని ఆపే రాజ్యాంగం 243ఓ అడ్డం వస్తుంది.

నల్లమల_నీడ:
చందంపేట, అమ్రాబాద్ వైపు వాళ్లు ఇది చదువుతుంటే ఒక మాట. నాగర్‌కర్నూల్ జిల్లా నల్లమలలో రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కింద నోటిఫై అయిన షెడ్యూల్డ్ (గిరిజన ప్రాంత) గ్రామాలు ఉన్నయి. జిల్లా మారినా, మండలం మారినా ఆ హోదా పోదు. షెడ్యూల్డ్ ప్రాంతాన్ని పెంచాలన్నా తగ్గించాలన్నా రాష్ట్రపతి ఉత్తర్వే కావాలె. అట్లనే, షెడ్యూల్డ్ గ్రామాలున్న మండలంలకు మీ తండా పోయినంత మాత్రాన మీ తండాకు ఆ హోదా రాదు. కొందరు ఆ ఆశతో కూడ అడుగుతున్నరు, అది జరగదు. షెడ్యూల్డ్ గ్రామాన్ని మున్సిపాలిటీల కలుపుడు కూడ కుదరదు. 243జడ్‌సీ ప్రకారం పార్లమెంటు చట్టం చేస్తే తప్ప మున్సిపాలిటీల భాగం అక్కడ వర్తించదు.

మన్యంకొండ_తొవ్వ:
మున్సిపాలిటీ మాట వచ్చింది కాబట్టి. మహబూబ్‌నగర్ 2025 మొదట్ల కార్పొరేషన్ అయినప్పుడు దివిటిపల్లి, జైనల్లీపూర్ కలిసినయి. పట్టణంల కలిసిన ఊరికి రెవెన్యూ మండలం మారుతదా?

పంచాయతీ_పద్దు:
మారదు. స్థానిక సంస్థ మాత్రమే మారుతుంది. పహాణీ, సర్వే నంబర్లు, తహసీల్దార్ అన్నీ పాతవే. మారేవి: సర్పంచ్ స్థానంలో వార్డు/డివిజన్, ఇంటి పన్ను లెక్క, ఇంటి కట్టడం అనుమతులు, లేఅవుట్ నియమాలు. ఉపాధి హామీ గ్రామీణ పథకం కాబట్టి పట్టణంలో కలిసిన ఊరి కూలీలకు ఆ పని పోతుంది. వ్యవసాయ కూలీలు ఎక్కువున్న శివారు ఊర్లు అభ్యంతరం రాసేటప్పుడు ముందు పెట్టాల్సింది ఇదే. రాజ్యాంగం 243క్యూ పట్టణ ప్రాంతానికి చెప్పిన కొలతల్లో జనసాంద్రత, స్థానిక రాబడితోపాటు వ్యవసాయేతర ఉపాధి శాతం కూడా ఉంది. ఊరిలో సాగు మీద బతికే కుటుంబాలెన్నో లెక్కతో చూపితే అది చట్టం అడిగిన అంశానికే జవాబు అవుతుంది.

సాగర్_ఎడమకాల్వ:
ఇప్పుడు జనగణన అని హద్దులు ఆపిండ్రు గదా?

పాలమూరు_గెజిట్:
అవును. 2027 జనగణన కోసం జిల్లా, మండలం, గ్రామం, పట్టణం, వార్డు హద్దులన్నీ 2025 డిసెంబరు 31 నాటికి ఎట్లున్నయో అట్లనే ఉండాలె. 2026 జనవరి 1 నుంచి 2027 మార్చి 31 దాకా మార్చొద్దని కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. 1990 జనగణన నియమాల కిందనే ఈ కట్టడి. ఈ నడుమ తుది నోటిఫికేషన్ ఆశించకండి, ఎవరన్నా ఇప్పిస్తమంటే నమ్మకండి. అయితే దరఖాస్తు పెట్టుడు, గ్రామసభ, కొలతలు, నివేదికలు – వీటికి అడ్డం లేదు. కాగితం సిద్ధం చేసుకునే టైము ఇదే.

డిండి_వాగు:
సరే, మారింది అనుకుందాం. పాసు పుస్తకాలు మళ్లీ తీసుకోవాల్నా? రిజిస్ట్రేషన్ ఎక్కడ?

గొలుసు_కర్ర:
పాత పాసు పుస్తకం చెల్లదని కాదు. హద్దు మార్పుతో హక్కు మారదు. భూ భారతి (సర్కారు భూమి రికార్డుల పోర్టల్)ల ఊరు కొత్త మండలం కింద కనపడే దాకా ఆగాలె. 2020 నుంచి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ తహసీల్దారే చేస్తున్నరు, కాబట్టి ఊరు మారంగనే సాగు భూమి రిజిస్ట్రేషన్ కొత్త తహసీల్దార్ దగ్గరికి పోతది. ఇండ్ల స్థలాలకు అట్ల కాదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పరిధి 1908 రిజిస్ట్రేషన్ చట్టం కింద వేరే నోటిఫికేషన్‌తో మారుతది. అది వచ్చేదాకా ప్లాటు అమ్మాలంటే పాత ఆఫీసుకే. ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) తీసేటప్పుడు రెండు చోట్లా వెతకాలె, మార్పు తేదీకి ముందువి పాత దాంట్ల, తర్వాతవి కొత్త దాంట్ల.

ఒరిజినల్ రికార్డులు పాత మండలం నుంచి కొత్తదానికి పోయేటప్పుడు పాత పహాణీలు, ఫైసల్ పట్టీలు (యేటా మార్పులు రాసిన రికార్డులు), అసైన్‌మెంట్ (సర్కారు ఇచ్చిన భూముల) ఫైళ్లు మాయమైతయి. మార్పు ఖాయమని తెలిసిన రోజే సర్టిఫైడ్ కాపీలు తీసి పెట్టుకోండి. తహసీల్దార్ దగ్గర నడుస్తున్న కేసులు, మ్యుటేషన్ దరఖాస్తులు ఉంటే వాటి నంబర్లతో బదిలీ జాబితా అడగండి. బ్యాంకు అప్పున్న భూమి అయితే కొత్త రికార్డుల ఆ వివరం సరిగ్గ ఎక్కిందో లేదో చూసుకోండి.

పంచాయతీ_పద్దు:
సహకార సంఘం కూడా. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘం పరిధి దాని బైలాలో ఉంటుంది, మండలంతోపాటు మారదు. జిల్లా సహకార కేంద్ర బ్యాంకులు ఇప్పటికీ ఉమ్మడి జిల్లాల లెక్కనే నడుస్తున్నాయి, కాబట్టి మీ రైతుల ఖాతాలు నల్లగొండ బ్యాంకులోనే ఉంటాయి, కొత్త జిల్లా పాలమూరు బ్యాంకు పరిధి. ఇది దరఖాస్తులోనే అడిగి పెట్టుకోవాల్సిన విషయం.

వకీల్_దేవరకొండ:
గెజిట్ వచ్చాక మొదటి పని అనుబంధ జాబితాలో మీ ఊరి పేరు అక్షరం అక్షరం చూసుకోవడం. ఇంగ్లిష్ ప్రతిలో ఒక స్పెల్లింగ్, తెలుగులో ఇంకొకటి, రెవెన్యూ రికార్డులో మూడోది ఉంటుంది. ఒకే పేరుతో రెండు మూడు ఊర్లున్నప్పుడు పక్కన పాత మండలం పేరు, రెవెన్యూ గ్రామ కోడ్ లేకపోతే వేరే ఊరు మారినట్టు చదవొచ్చు. తప్పుంటే వెంటనే సవరణ నోటిఫికేషన్ కోసం రాయండి. పోర్టల్‌లోకి ఎక్కినంక దిద్దించడం పది రెట్లు కష్టం.

డిండి_వాగు:
ముందు ఏం చేయాల్నో ఇప్పుడు అర్థమైంది. మా పాత దరఖాస్తు ఎక్కడుందో కనుక్కునుడు ఎట్ల?

పాలమూరు_గెజిట్:
సమాచార హక్కు కింద మూడు కాగితాలు అడగండి: మీ దరఖాస్తు మీద నోట్ ఫైల్ నకలు, తహసీల్దార్ లేదా ఆర్డీవో పైకి పంపిన నివేదిక ఏదైనా ఉంటే దాని నకలు, మీ రెవెన్యూ గ్రామం నక్ష సర్టిఫైడ్ కాపీ. మండల ఆఫీసుల అయితే ఫీజు 5 రూపాయలు, ఆర్డీవో, కలెక్టరేట్‌ల 10. "ఎందుకు ఆపిండ్రు" అని ప్రశ్నలెక్క రాస్తే తిరస్కరిస్తరు, కాగితం పేరు పెట్టి నకలు అడగాలె. 30 రోజుల్ల జవాబు రాకుంటే మొదటి అప్పీలు. దరఖాస్తు రెండు ఆఫీసులల్ల ఒకేసారి పెట్టండి, ఫైలు ఏ బల్ల మీద ఉందో అప్పుడు తెలుస్తది.

గొలుసు_కర్ర:
నక్ష చేతికొచ్చినంక తండా సర్వే నంబర్ల జాబితా ఇక్కడ పెట్టండి. పేర్లు వద్దు, నంబరు, విస్తీర్ణం చాలు. సేత్వార్‌తో ఎక్కడ తేడా ఉందో చూసి చెప్తా.